నామ్ క్యా హై? మన పేర్ల తారీఖ్



మా పెద్దబ్బాయికి ఆడపిల్ల పుట్టింది, అల్‌హందులిల్లా. ఆస్పత్రిలోనే పాప చెవిలో అజాన్ ఇచ్చాను. ఏడో రోజు అఖీఖా పెట్టుకున్నాం. మేక బేరం కుదిరింది, వంట మాస్టరుకి అడ్వాన్సు ఇచ్చాం, చుట్టాలకి ఫోన్లు చేశాం. పేరు ఒక్కటే తేలలేదు.

మా ఇంటావిడ కోరిక చిన్నది. మా అమ్మ పేరు మస్తాన్‌బీ. ఆ పేరు పాప పేరులో ఎక్కడో ఒక చోట కలపాలని. మావాడు ఒప్పుకోలేదు.

"అమ్మీ, మస్తాన్‌బీ అంటే రేపు స్కూల్లో పిల్లలు నవ్వుతారు. సారా అనో, ఆయ్రా అనో పెడదాం. సర్టిఫికెట్‌లో ముందు షేక్ కూడా వద్దు. పేరు వింటే ఎవరో ఏమిటో తెలియకుండా ఉండాలి."

నాకు కోపం వచ్చింది. "తెలియకుండా ఉండటానికి మనమేం దొంగతనం చేశామా?" అన్నాను.

వాడు గొంతు పెంచలేదు. "అబ్బా, మీరు ఊళ్ళో ఉంటారు. మీ పేరు తెలిసేలోపే మీ ముఖం తెలిసినవాళ్ళు అందరూ. నాకు అలా కాదు. నాకంటే ముందు నా పేరు వెళ్తుంది" అన్నాడు.

వాడికి జరిగింది నాకు తెలుసు. సిటీలో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఒక ఓనరు ఫోన్‌లో అరగంట మాట్లాడాడు. మంచి తెలుగు, మంచి ఉద్యోగం, ఫ్యామిలీ. "రేపే వచ్చెయ్యండి బాబూ" అన్నాడు. చివర్లో పేరు అడిగాడు. చెప్పాక రెండు క్షణాలు మాట లేదు. తర్వాత, "మా చుట్టాలు ఎవరో అడిగారండీ, కనుక్కుని చెప్తాను" అన్నాడు. మళ్ళీ ఫోన్ లేదు. ఇది చదివే మీలో చాలామందికి ఈ రెండు క్షణాలు తెలిసే ఉంటాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అవి వినగానే ఎదుటివాడు మనల్ని తూకం వేయడం ఎప్పటి నుంచి మొదలైంది? తూకం వేసేది బయటివాళ్ళేనా? నాకు తెలిసిన తారీఖ్ అంతా ఒకసారి తిరగేసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

గోల్కొండ బాద్షా తెలుగు పేరు

ముందు ఒక బాద్షా సంగతి. ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలాడు. తఖ్తు ఎక్కక ముందు అన్నకు భయపడి పారిపోయి, ఏడేళ్ళ పాటు విజయనగరంలో రామరాయల పనాహ్‌లో ఉన్నాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు. తర్వాత తన దర్బారులో తెలుగు కవుల్ని కూర్చోబెట్టుకున్నాడు. ఆ కవులు ఆయన్ని ఏమని పిలిచారో తెలుసా? మల్కిభరాముడు. మలిక్ ఇబ్రహీం అన్న మాట తెలుగు నాలుక మీద తిరిగి తిరిగి అలా అయింది. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం ఇచ్చాడు.

ఇంకో సంగతి. సంస్కృతం మాట కలవకుండా అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యం పొన్నెగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర. అది ఎవరికి అంకితం? పటాన్‌చెరులో ఉన్న కుతుబ్ షాహీ సర్దారు అమీన్ ఖాన్‌కి. అచ్చ తెలుగు మొదటి కావ్యం మీద ఒక ఖాన్ గారి పేరుంది. "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అని మనల్ని చూసి ఆశ్చర్యపోయే మిత్రులకి ఈ ఒక్క మాట చెప్పండి.

కవులకి ఇనాములు కావాలి, దర్బారు కావాలి. ఆ లెక్క నేను మర్చిపోలేదు. బాద్షా పేరుకి జరిగే మర్యాద దూదేకుల సాయిబు పేరుకి జరగదు. అయినా ఒక్కటి గమనించండి. ఇబ్రహీం అన్న పేరు తెలుగులోకి వచ్చి చివర రాముణ్ణి కలుపుకుంటే ఆ రోజుల్లో ఎవరికీ అది ఇబ్బంది కాలేదు. బాద్షా కోప్పడలేదు, కవి మొహమాటపడలేదు.

మన్నత్ పేర్లు

ఇక మనలాంటి సాదా ఇళ్ళకి వద్దాం. మా నానీకి మొదటి ఇద్దరు బిడ్డలు నిలవలేదు. మూడో కాన్పు ముందు నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాకి వెళ్ళి మన్నత్ మొక్కింది. బిడ్డ బతికితే మస్తాన్ వలీ పేరే పెడతానని. బిడ్డ బతికింది. ఆ బిడ్డే మా అమ్మ. మస్తాన్ అంటే అల్లా ఇష్క్‌లో మస్తీ అయినవాడు. గుంటూరులో కాలే మస్తాన్ దర్గా ఉంది. ఈ రెండు దర్గాల చుట్టుపక్కల మస్తాన్ వలీలు, మస్తాన్ బీలు ఎంతమందో లెక్కలేదు. మస్తానయ్యలు, మస్తాన్‌రావులు, మస్తానమ్మలు కూడా అంతే. పుచ్చకాయలో కోడి వండి యూట్యూబ్‌లో లోకమంతా చూసిన గుంటూరు జిల్లా ముసలావిడ, 2018లో చనిపోయిన కర్రె మస్తానమ్మ, ముస్లిం కాదు. ఆమె పేరు మాత్రం మన దర్గా పేరే.

మీకొక తమాషా చెప్తాను. మీ ఊరి మసీదు ముందు నిలబడి ఖాదర్, మొహియుద్దీన్, గౌస్, దస్తగిరి, మహబూబ్ సుభానీ, జీలానీ అని ఆరుగురిని పిలవండి. వచ్చిన ఆరుగురూ ఒక్క బుజుర్గ్ పేరే మోస్తున్నారు. బగ్దాదులో 1166లో ఇంతిఖాల్ అయిన హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మతుల్లాహి అలైహ్) ఆయన. జీలానీ అన్నది ఆయన పుట్టిన ప్రాంతం నుంచి వచ్చింది. మొహియుద్దీన్, గౌస్-ఎ-ఆజం, పీరానే పీర్ దస్తగీర్, మహబూబ్-ఎ-సుభానీ అన్నవి ఆయన లఖబులు. దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకునేవాడు. అది సీమలో దస్తగిరి అయింది, దస్తగిరమ్మ అయింది. హిందువుల ఇళ్ళల్లో కూడా ఆ పేరు పెట్టుకున్నారు.

తమిళనాడు నాగూరులో 16వ శతాబ్దపు హజ్రత్ షాహుల్ హమీద్ దర్గా ఉంది. నాగూర్ బాషా, నాగూర్ వలీ, నాగుల్ మీరా, నాగూర్ బీ, నాగూరమ్మ అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. నల్గొండ వైపు జాన్‌పహాడ్ దర్గా సైదులు బాబాది. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు అక్కడివి. పెనుకొండ బాబా ఫఖ్రుద్దీన్ నుంచి బాబయ్యలు, ఫకృద్దీన్లు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయి స్వామి పీరు నుంచి కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు. పీర్ల పండగ నుంచి హుసేనయ్యలు, హుసేనమ్మలు.

ఆ జమానాలో ఇలాంటి పేరు వింటే మొదట తెలిసేది ఆ మనిషి తల్లి ఏ దర్గా గడప దగ్గర ఏడ్చిందన్నది. మతం ఏమిటన్న ప్రశ్న ఆ తర్వాతది. అప్పట్లో అందరూ పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉన్నారని నేను అనను. కులం ఉంది, ఎడం ఉంది, గడప దాటనివ్వని ఇళ్ళు ఉన్నాయి. కానీ ఒక పేరు రెండు గడపల్లోనూ బతకగలిగింది. ఇవాళ సైదులు అన్న అబ్బాయి సిటీలో "నేను హిందువునే సార్" అని అదనంగా చెప్పుకోవాల్సి వస్తోంది.

లెక్కల పుస్తకం

ఇంగ్లీషు సర్కారు వచ్చాక జనాభా లెక్కలు వచ్చాయి. లెక్కల పుస్తకానికి గడులు కావాలి. ప్రతి మనిషీ ఏదో ఒక గడిలో కూర్చోవాలి. ముసల్మాన్లకి వాళ్ళు దొరకబుచ్చుకున్న పెద్ద గడులు నాలుగు: సయ్యద్, షేక్, మొగల్, పఠాన్. సయ్యద్ అంటే రసూలుల్లా (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖాందాన్. షేక్ అంటే అరబ్బీలో పెద్దమనిషి. మొగల్, పఠాన్ అంటే ఫలానా దేశాల నుంచి వచ్చినవాళ్ళు. మరి ఇక్కడే పుట్టి, ఇక్కడే కలిమా చదివి, ఇక్కడి మట్టిలోనే కలిసినవాళ్ళు ఏ గడిలో కూర్చోవాలి? ఎక్కువమంది షేక్ అయ్యారు. పాత ఫార్సీ సామెత ఒకటి ఉంది. మొదటి ఏడు కసాయిని, తర్వాతి ఏడు షేక్‌ని, గింజల ధర కలిసొస్తే వచ్చే ఏడు సయ్యద్‌ని అని. నవ్వుకోవడానికి చెప్పిన మాటే గాని, అందులో మన కథ చాలా ఉంది.

తెలుగు ముసల్మాన్లలో ఈ షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్ అన్నవి ఇంటిపేర్లుగా ముందుకొచ్చి కూర్చున్నాయి. పక్కింటివాళ్ళకి ఇంటిపేరు ముందుంటే మనకీ ముందుండాలి కదా. అలా షేక్ ఎస్.కె. అయింది, మహమ్మద్ ఎం.డి. అయింది. అమెరికా వెళ్ళిన మా చెల్లెలి కొడుకుని ఆఫీసులో అందరూ "షేక్" అనే పిలుస్తారట. ఊరూ పేరూ పోయి, లెక్కల పుస్తకంలోని గడి మిగిలింది.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. అందులో దూదేకులవాళ్ళ గురించి రాస్తూ ఒక ముచ్చట చెప్పాడు. వీళ్ళ పేర్లు కొన్ని చూడటానికి హిందూ పేర్లలా ఉంటాయి గాని అసలు ముస్లిం పేర్లేనని. కమాల్ సాహెబ్ కంబన్న అయ్యాడట, షేక్ అలీ సాకలి అయ్యాడట. అల్లా సింహం అని మనం చెప్పుకునే హజ్రత్ అలీ పేరు, తెలుగు చెవికి చాకలివాడి కులం పేరులా వినిపించింది. పేరు అదే. వినే చెవి దాన్ని ఏ గడిలో వేసుకుంటే మనిషి విలువ అంత అయింది.

ఇక్కడ మనం మన గిరేబాన్‌లోకి కూడా తొంగి చూసుకోవాలి. దూదేకులవాళ్ళని మస్జిదులో పక్కన నిలబెట్టుకుని, రిష్తా మాట వచ్చేసరికి మొహం తిప్పుకున్నది మనవాళ్ళే. దూది ఏకేవాడికి ఉర్దూలో పేరు పింజారి. అది ఒక హునర్ పేరు. పరుపూ దిండూ వాళ్ళ చేతి మీదుగానే వచ్చేవి. ఆ మాట తెలుగులో తిట్టు అయింది. ఇప్పటికీ సినిమాల్లో, వీధుల్లో ఆ తిట్టు వినిపిస్తుంది. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టింది ఆ ఖాందాన్‌లోనే. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం కథలు చెప్పి ఊళ్ళకి ఊళ్ళని తెల్లవార్లూ కూర్చోబెట్టాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చినప్పుడు దాని పేరు పింజారి. ఏ మాటతో లోకం ఆయన బిరాదరీని చిన్నబుచ్చిందో ఆ మాటే అట్ట మీద ఉంది. ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

స్వతంత్రం వచ్చాక కూడా ఆ గడులు పోలేదు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన ముస్లింలకి బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఆ జాబితాలో షేక్ ఉంది. సయ్యద్, మొగల్, పఠాన్ లేవు. దూదేకులవాళ్ళు అంతకు ముందు నుంచే బీసీ-బీ. మా వీధిలో ఇద్దరు రిక్షా కార్మికుల పిల్లలు ఒకే బెంచీలో చదివారు. ఒకడు షేక్, ఒకడు సయ్యద్. సర్టిఫికెట్ ఒకడికే వచ్చింది. చట్టానికి దాని హిసాబ్ దానికి ఉంది, ఆ రిజర్వేషన్ వల్ల చదువుకున్న ఇళ్ళు నాకు చాలా తెలుసు. పేరు ముందున్న ఒక మాట ఒక ఇంటి నసీబ్‌ని ఎలా తిప్పుతుందో చెప్పడానికే ఇది రాశాను.

తెర మీది పేర్లు

పేరు మార్చుకుంటే సరిపోతుందా? మావాడి సవాల్ అదే. ఈ ప్రయత్నం మనకంటే ముందు చాలా పెద్దవాళ్ళు చేశారు.

పెషావర్‌లో పండ్ల వ్యాపారి కొడుకు యూసుఫ్ ఖాన్ బొంబాయి వచ్చాడు. బాంబే టాకీస్‌లో దేవికారాణి ఆయనకి కొత్త పేరు సూచించింది. 1944లో జ్వార్ భాటాతో దిలీప్ కుమార్ పుట్టాడు. మహజబీన్ బానో మీనా కుమారి అయింది. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. జనం వాళ్ళని గుండెల్లో పెట్టుకున్నారు, అందులో షక్ లేదు. కానీ దిలీప్ కుమార్‌కి 1998లో పాకిస్తాన్ ప్రభుత్వం నిషాన్-ఎ-ఇంతియాజ్ ఇచ్చింది. మర్నాడు ఏడాది కార్గిల్ యుద్ధం వచ్చేసరికి, ఆ బిరుదు వెనక్కి ఇచ్చి దేశభక్తి నిరూపించుకోమని గోల మొదలైంది. ఆయన ప్రధాని వాజపేయిని కలిశారు. బిరుదు వెనక్కి ఇవ్వలేదు. అప్పటికి ఆయన దిలీప్ కుమార్ అయి 55 ఏళ్ళు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చి ఐదేళ్ళు. అవసరం వచ్చిన రోజున లోకం ఆ పేరు పక్కకి తీసి, కింద ఉన్న యూసుఫ్ ఖాన్‌ని గుర్తు చేసుకుంది.

ఇంకో కథ మన తెలుగు తెర నుంచే మొదలవుతుంది. 1955లో రోజులు మారాయి సినిమాలో ఏరువాక పాటకి ఆడిన అమ్మాయి వహీదా రెహమాన్. ఆ సినిమా తర్వాతే గురుదత్ ఆమెని బొంబాయి పిలిచాడు. సి.ఐ.డి. సినిమాకి కాంట్రాక్టు రాసేటప్పుడు పేరు మార్చమన్నారు. పొడుగ్గా ఉంది, ఆకర్షణ లేదు అన్నారు. దిలీప్ కుమార్, మీనా కుమారి, మధుబాల అందరూ మార్చుకున్నారు కదా అన్నారు. ఆమెకి అప్పటికి పద్దెనిమిది నిండలేదు, సంతకం వాళ్ళమ్మ పెట్టాలి. అయినా ఆ పిల్ల నా పేరు నా తల్లిదండ్రులు పెట్టింది, మార్చను అని కూర్చుంది. సినిమా 1956లో ఆమె పేరుతోనే వచ్చింది. ఆమెకీ ఫాల్కే అవార్డు వచ్చింది, 2021 సంవత్సరానికి.

ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా కూడా అలాగే. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. గుళ్ళలో వాయించినా, సభల్లో వాయించినా ఆయన షేకూ ఉంది, మౌలానా ఉంది.

వీళ్ళ కథలు చెప్పి మావాణ్ణి ఒప్పిద్దామనుకున్నాను. తర్వాత నాకే తోచింది. వహీదా, చిన మౌలానా లక్షల్లో ఒకరు. పేరు వినకముందే వాళ్ళ అడుగు, వాళ్ళ ఊపిరి జనానికి చేరాయి. మామూలు పిల్లకి ఆ అవకాశం ఎక్కడిది? ఆమె సంగతి కాగితం మీద పేరుతోనే మొదలవుతుంది.

కాగితం మీద పేరుకి ఏమవుతుందో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు చూశారు. 2007లో ఆ లెక్క బయటికి వచ్చింది. 66 వారాల పాటు పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే. పేరు మాత్రం వేరు: కొన్నిటి మీద పై కులం హిందూ పేరు, కొన్నిటి మీద దళిత పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. పై కులం పేరుకి పిలుపు వచ్చే అవకాశం ఒక రూపాయి అనుకుంటే, దళిత పేరుకి 67 పైసలు, ముస్లిం పేరుకి 33 పైసలు తేలింది. ముఖం చూడలేదు, గడ్డం చూడలేదు, టోపీ చూడలేదు. పేరు ఒక్కటే చూశారు.

కాబట్టి మావాడి భయం వట్టి వహం కాదు. దానికి గవాహీ ఉంది. ఖాదర్ మొహియుద్దీన్ గారు 1991లో రాసిన దీర్ఘ కవితకి పుట్టుమచ్చ అని ఎందుకు పేరు పెట్టారో నాకు ఆ రాత్రి మళ్ళీ అర్థమైంది.

దీన్ ఏమంటుంది

పేరు మార్చడం గురించి మన దీన్‌లో మాట ఉంది. రసూలుల్లా (సల్లల్లాహు అలైహి వసల్లం) చెడ్డ అర్థం ఉన్న పేర్లు మార్చేవారు. ఆసియా అంటే నాఫర్మానీ చేసేది అని అర్థం వచ్చే పేరున్న ఒక ఆడమనిషికి జమీలా అని పేరు పెట్టారు. (ఫిరౌన్ భార్య ఆసియా పేరు వేరు, అక్షరాలు వేరు. కంగారు పడకండి.) కానీ ఉమర్, ఖాలిద్, బిలాల్ పేర్లు ఇస్లాం రాకముందువే. వాటిని మార్చలేదు. అర్థం మంచిదైతే చాలు.

నాకు ఇష్టమైన సంగతి ఇంకోటి ఉంది. సహీహ్ బుఖారీలో వస్తుంది. హజ్న్ అనే ఆయన వచ్చారు. ఆ పేరుకి గరుకు నేల అని అర్థం. సహ్ల్, అంటే మెత్తని నేల, అని పెట్టుకో అన్నారు ప్రవక్త. మా నాన్న పెట్టిన పేరు మార్చుకోను అన్నాడాయన. జబర్దస్తీ జరగలేదు. ఆ తర్వాత మా ఖాందాన్‌లో ఆ గరుకుదనం ఉండిపోయింది అని ఆయన మనవడు సయీద్ ఇబ్ను ముసయ్యిబ్ చెప్పుకున్నారు. ఇందులో రెండు మాటలు ఉన్నాయి. పేరుకి అసర్ ఉంటుంది. అయినా ఒకరి పేరు మీద ఇంకొకరు జోర్ చెయ్యకూడదు. మావాడి మీద నేను జోర్ చెయ్యడం కూడా అందులోకే వస్తుంది.

నా పోస్టుకార్డు

తెల్లారి మావాణ్ణి కూర్చోబెట్టి ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పనిది చెప్పాను.

నా పేరు నాగుల్ మీరా. చదువుకోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు హాస్టల్లో అందరూ మనవాళ్ళే. మొదటి రోజే ఒకడు "నామ్ క్యా హై?" అన్నాడు. చెప్పాను. "నాగుల్? నాగ్ అంటే సాంప్ కదా మియా? యే కైసా ముసల్మాన్ నామ్ హై?" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి నేను మీరాన్ అయ్యాను. రెండేళ్ళు మీరాన్‌గానే ఉన్నాను. మా అమ్మకి చదువు రాదు. పక్కింటి పంతులమ్మ గారితో పోస్టుకార్డు రాయించేది. పైన అడ్రసులో "చిరంజీవి షేక్ నాగుల్ మీరాకు" అని పెద్ద అక్షరాలు. ఆ కార్డు హాస్టల్ బల్ల మీద అందరికీ కనబడేలా పడి ఉండేది. ఒకసారి ఎవరూ చూడకముందే తీసి, చదవకుండా చింపేశాను. అందులో ఏం రాయించిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ పోయి పద్దెనిమిదేళ్ళయింది.

నన్ను చిన్నచూపు చూసింది ఇల్లు అద్దెకివ్వని ఓనరు కాదు, నాతో ఒకే సఫ్‌లో నమాజు చదివినవాళ్ళు. నేను తలవంచాను. మావాడు అడిగింది నేను ఎప్పుడో చేసేశాను. అందుకే వాణ్ణి కోప్పడే హక్ నాకు లేదని చెప్పాను. అయితే దాని ధర ఎంతో కూడా చెప్పాను.

మావాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం కోడలు తేల్చింది. రసూలుల్లా పెట్టిన పేరు కదా మామయ్యా, జమీలా అంటే ఎవరు కాదంటారు అంది. అఖీఖా రోజున ఆ పేరే చదివారు. జనన ధ్రువపత్రం ఫారంలో మావాడే రాశాడు: షేక్ జమీలా. షేక్ తియ్యలేదు. మస్తాన్‌బీ ఎక్కలేదు. మా ఇంటావిడ కొంచెం చిన్నబుచ్చుకుంది. నేను మాట్లాడలేదు.

పాప ఏడ్చినప్పుడు మాత్రం ఉయ్యాల ఊపుతూ ఆవిడ "మస్తానీ, నా మస్తానీ" అంటుంది. నిన్న మావాడు కూడా ఫోన్‌లో అలాగే పిలిచాడు.

ఈ పిల్ల పెద్దయ్యాక ఎవరో ఒకరు పేరు అడుగుతారు. రెండు క్షణాలు ఆగుతారో లేదో నాకు తెలియదు. అల్లా ఆ రోజులు మార్చాలని దువా చేస్తాను. మీరు మీ ఇంట్లో ఒక పని చెయ్యండి. మీ దాదీ, నానీ పేర్లు, వాటి వెనక ఉన్న దర్గా, మన్నత్ ఏమిటో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి. ఇంకో చోట నాగుల్ మీరాలు, హుసేనమ్మలు ఎదురైతే, "యే కైసా నామ్ హై" అని అడగకండి. వాళ్ళ తల్లి ఏ గడప దగ్గర కూర్చుని ఆ పేరు తెచ్చిందో అడగండి.

ఖుదా హాఫిజ్.